డ్యూక్ ఎల్లింగ్టన్ వాద్యబృందం

1927 డిసెంబరు మొదటి వారంలో, న్యూయార్కు నగరంలోని హార్లెం పేటలో, కాటన్ క్లబ్ అనే విలాసశాలలో ఒక వాద్యబృందం కొలువు కుదిరినది. దాని నాయకుడు 1899లో వాషింగ్టన్‌లో జన్మించిన ఎడ్వర్డ్ కెన్నెడీ ఎల్లింగ్టన్. చిన్ననాట అతని దుస్తుల సొగసు, మాటల మర్యాద చూచి స్నేహితులు పెట్టిన 'డ్యూక్' అన్న బిరుదే పేరై నిలిచినది. ఆ శాలలో ఆడేవారు, పాడేవారు, వాయించేవారు నల్లజాతివారు. బల్లల ముందు కూర్చుండి వినేవారు తెల్లవారు. అయితే రేడియోవారు అక్కడ ఒక మైక్రోఫోను నిలిపినారు. తలుపువద్ద కాపున్నవాడు మనుష్యులను ఆపగలిగినాడు గాని పాటను ఆపలేకపోయినాడు. ఆ గడప తొక్కుటకు వీలులేనివారి ఇండ్లలో కూడ రాత్రివేళ ఆ సంగీతం మ్రోగినది. ఎల్లింగ్టన్ కీర్తికి పునాది వేసినది రేడియో అనుటలో అతిశయోక్తి లేదు.

తరువాత పదేండ్లలో 'స్వింగ్' అనే జాజ్ శైలి అమెరికాను ఊపివేసినది. ట్రంపెట్లు, ట్రాంబోనులు ఒక వరుస, శాక్సొఫోనులు, క్లారినెట్లు ఒక వరుస, పియానో, గిటారు, డ్రమ్ములు వెనుక నుండి లయ నడిపించగా, పదిహేను మంది వాయించే బృందాలు ఊరూరా నాట్యశాలలను నింపినవి. వాటిలో పెక్కింటికి ఒక పద్ధతి ఉండెడిది: స్వరాలు కాగితంపై వ్రాసియుండును, వాద్యం నేర్చినవాడు ఎవడైనను వచ్చి వాయించిపోవచ్చును. ఎల్లింగ్టన్ పద్ధతి వేరు. అతని బృందంలో వాడిన స్వరపత్రాలపై 'రెండవ ట్రంపెట్టు', 'మూడవ శాక్సొఫోను' అని వ్రాయుటకు బదులు, ఆ పత్రం ఏ మనిషిదో అతని పేరు వ్రాసిన సందర్భాలు మెండుగా కనబడును. ఒక్కొక్కసారి అది ముద్దుపేరు కూడ. ఎవని ఊపిరి ఎట్టిది, ఎవని స్వరం ఎక్కడ వణకును, ఎక్కడ జారును, ఎవడు ఏ స్థాయిలో తడబడును, ఇవన్నీ తెలిసి, ఆ గుణదోషాలతోనే పాట కట్టినాడు. మన సంగీతంలో త్యాగరాజస్వామి కీర్తనను ఏ విద్వాంసుడైనను తన బాణీలో పాడును. ఇక్కడ బాణీ ముందు, కీర్తన తరువాత అన్నమాట.

తూములు శుభ్రపరచుటకు వాడే రబ్బరు చిప్పను ట్రంపెట్టు నోటికి అడ్డముపెట్టి, మూయుచు తెరచుచు, మనిషి గొణిగినట్లు, గుర్రుమన్నట్లు ధ్వని తీయుట బబ్బర్ మైలీ విద్య. అతడు 1929లో వెళ్లిపోగా ఆ స్థానానికి వచ్చిన కూటీ విలియమ్స్ ఆ విద్యను అభ్యసించి తన సొత్తు చేసికొన్నాడు. అతనికొరకే 1940లో 'కన్సర్టో ఫర్ కూటీ' పుట్టినది. ఆ ఏడే కూటీ మరొక బృందానికి వెళ్లినాడు. అతని చోటికి వచ్చిన రే నాన్స్ ట్రంపెట్టే కాక వయొలిను కూడ వాయించును, పాడును. ఎల్లింగ్టన్ అతనిని కూటీగా మార్చుటకు ప్రయత్నింపక, వయొలినుకు కూడ చోటు కల్పించినాడు. ఇరువది రెండేండ్లకు, 1962లో, కూటీ తిరిగివచ్చి తన కుర్చీలో కూర్చుండినాడు.

1941లో మరొక చిక్కు వచ్చినది. పాటల హక్కులు చూచే రచయితల సంఘానికి, రేడియో సంస్థలకు ప్రతిఫలం విషయమై తగవు వచ్చి, సంఘసభ్యుల పాటలు పెద్ద రేడియో సంస్థల ప్రసారాలలో నెలల తరబడి వినబడకపోయినవి. సభ్యుడైన ఎల్లింగ్టన్ తన బృందం చేత తన పాటలే వాయింపించలేడు! అప్పుడు సంఘంలో సభ్యత్వం లేని అతని సహచరుడు బిల్లీ స్ట్రేహార్న్, కుమారుడు మెర్సర్ కొత్త పాటలు సిద్ధపరచినారు. స్ట్రేహార్న్ కూర్చిన 'టేక్ ది ఎ ట్రెయిన్' ఆ బృందానికి శాశ్వతమైన ముఖగీతమైనది. హార్లెంకు పోవు భూగర్భరైలు పేరది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత నాట్యశాలలు వెలవెలపోయినవి. ఒక్కొక్క బృందమే విడిపోయినది. ఎల్లింగ్టన్ మాత్రం తన పాటలపై వచ్చు ఆదాయాన్ని జీతాలకు పోసి బృందాన్ని నిలుపుకొన్నాడు. లెక్కలు తెలిసినవారికి ఇది తెలివితక్కువ పని. కాని అతని వాద్యం పియానో కాదు, ఆ మనుష్యులే. వారు చెదరినచో వ్రాయుటకు వాద్యమే లేదు.

1963లో అమెరికా ప్రభుత్వం పంపగా ఈ బృందం మన దేశానికి వచ్చి ఢిల్లీ, మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో వాయించినది. ఢిల్లీలో ఎల్లింగ్టన్ జబ్బుపడి ఆసుపత్రిలో చేరవలసివచ్చినది. నవంబరులో అధ్యక్షుడు కెన్నెడీ హత్యతో యాత్ర అర్ధంతరంగా ముగిసినది. ఆ యాత్రాఫలం 'ఫార్ ఈస్ట్ సూట్' అనే రికార్డు, 1967లో వెలువడినది. అందులో సితారు లేదు, తబలా లేదు. చూచిన దేశాలను అనుకరింపక, తన మనుష్యుల గొంతులలోనే వాటిని పలికించినాడు. ఆగ్రా హారీ కార్నీ బారిటోను శాక్సొఫోనులో పలికినది; ఢిల్లీలో స్ట్రేహార్న్ విన్న గోరువంక కూత జిమ్మీ హామిల్టన్ క్లారినెట్టుకు దక్కినది. మన దేశంపై విదేశీయులు చేసిన సంగీతంలో ఇంత మర్యాదగా నడచుకొన్నది అరుదని నా అభిప్రాయం.

గౌరవాలు ఆలస్యంగా వచ్చినవి. 1965లో న్యాయనిర్ణేతలు పులిట్జర్ సత్కారానికి సిఫారసు చేయగా పైమండలి త్రోసిపుచ్చినది. మరీ చిన్నతనంలో కీర్తి రాకుండ విధి కాపాడుచున్నదని అరువదియారేండ్ల ఎల్లింగ్టన్ నవ్వినాడు. శతజయంతి సంవత్సరమైన 1999లో గాని ఆ సంస్థ ప్రత్యేక ప్రశంస ఇయ్యలేదు. అప్పటికి అతడు గతించి పాతికేండ్లు.

1974 మే 24న ఎల్లింగ్టన్ మరణించినాడు. 1927 నుండి విడువక ప్రక్కన నిలిచిన కార్నీ ఆ అక్టోబరులోనే పోయినాడు. మనుష్యులకొరకు వ్రాసిన సంగీతం ఆ మనుష్యులు పోయిన తరువాత ఏమి కావలెను? స్వరపత్రాలు 1988 నుండి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో భద్రంగా ఉన్నవి. 1990ల నడిమి నుండి న్యూయార్కులోని లింకన్ సెంటర్ జాజ్ సంస్థ ఉన్నత పాఠశాలల బృందాలకు ఈ రచనలు పంపి ఏటేట పోటీలు జరుపుచున్నది. మంచిపనియే. అయితే పదునారేండ్ల పిల్లవాడు జానీ హాడ్జెస్ స్వరజారును యథాతథంగా దించినప్పుడు నాకు మెప్పు కలుగును గాని తృప్తి కలుగదు. ఎల్లింగ్టన్ ఉండినచో ఆ పిల్లవాని గొంతు ఏదో ముందుగా విని, తరువాత కలం పట్టియుండును.

వినదలచినవారు 1940 నాటి 'కన్సర్టో ఫర్ కూటీ'తో మొదలుపెట్టవచ్చును. మూడు నిమిషాలకు కొంచెం పైన. మొదట ట్రంపెట్టు మూతతో గొణుగును, విసిగికొనును. నడుమ మూత తీసి, స్వరస్థానం మార్చి, నిండుగొంతుతో పాడును. ఆ తీసిన చోట చెవి యొగ్గవలెను.