మట్టి కింద రాయి

నల్లరేగడి తీరు పెద్దకొడప్‌గల్ రైతులకు ఒకరు చెప్పేది కాదు: ఎండకు నెర్రెలు, వానకు ఉబ్బు. ఇక్కడ నేల చదును కాబట్టి ఆ బంకమట్టి ఉన్నచోటే ఉంటుంది. కొండవాలున ఉంటే మాత్రం కదలొచ్చు.

అమెరికాలో, కొలరాడోలోని స్లమ్‌గలియన్ దగ్గర దాదాపు 4 కిలోమీటర్ల పొడవున బంకమట్టి సుమారు 300 ఏళ్లుగా జారుతూనే ఉంది. జోరున్న చోట రోజుకు 1, 2 సెంటీమీటర్లు, అంతే. అంతకు ముందెప్పుడో జారిన మట్టి ఒక నదికి అడ్డుపడి ఏకంగా చెరువునే కట్టేసింది!

తమాషా ఏమిటంటే, పైన కనిపించే పగుళ్లు, గట్లు, నీటిగుంటలు చాలావరకు ఉన్నచోటే ఉంటాయి. మట్టి మాత్రం వాటి గుండా సాగిపోతుంది. వాగులో బండ మీద నీళ్లు లేచే చోటు మారదు, నీళ్లే మారతాయి కదా! స్లమ్‌గలియన్‌లో ఆ బండ, మట్టి కింద పూడిపోయిన పాత నేల. అది నిటారుగా దిగిన చోట మట్టి సాగి చిట్లుతుంది, చదునైన చోట ఒత్తుకుని ఉబ్బుతుంది. దారి ఇరుకైతే వేగం పెరుగుతుంది. మంచు కరిగి నీరు ఇంకే రోజుల్లో ఇంకాస్త జోరు.

మన దగ్గర ఈ మట్టి ఉబ్బుతో పేచీ కాలువ గట్ల దగ్గర. అందుకే ఇంజనీర్లు నల్లరేగడి మీద ఉబ్బని మట్టిని పొరగా పరిచి, ఆ పైనే లైనింగ్ వేస్తారు.