సెల్ ఫోను ఎంపికలో జాగ్రత్తలు
(పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగ పాఠము)



గేదెను కొనేటప్పుడు రెండు పూటలా పాలు పిండి చూచిన తరువాతగాని మనం బయానా ఇవ్వము. సెల్ ఫోను కంపెనీ విషయంలోనూ అదే పద్ధతి పాటించండి. మన సముద్రతీర గ్రామాలలో వీధిలో అందిన సిగ్నలు చేనిగట్టున అందకపోవచ్చును. ఇరుగుపొరుగువారి ఫోనుతో మీ కొట్టంలోనూ, పాల కేంద్రం వద్దనూ మాట్లాడి చూడండి. 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ వంటి తుఫానులలో కరెంటు ఉండదు. కనుక ఫోనులో సోకు కన్న బ్యాటరీ నిలుపుదల ముఖ్యము.

కంపెనీ నచ్చకపోతే మారండి. నంబరు మాత్రం మార్చకండి. పాల సొమ్ము జమ అయినట్లు బ్యాంకు కబురు వచ్చేది ఆ నంబరుకే. మీరు వదలివేసిన నంబరును 90 రోజుల అనంతరం మరొకరికి కేటాయించవచ్చు. అప్పుడు మీ కబురు పరాయివారికి చేరుతుంది.

నంబరు ఉంచుకొనే కంపెనీ మారే వీలు 2011 జనవరి 20 నుండి దేశమంతటా ఉన్నది. పాత కంపెనీలో 90 రోజులు నిండి, బాకీ లేకుండా ఉండాలి. ఇంగ్లీషు అక్షరాలలో ‘పోర్ట్’ అని, పక్కన మీ నంబరు వ్రాసి 1900కు పంపండి. వచ్చిన కోడును కొత్త కంపెనీ దుకాణంలో తప్ప ఎవరికీ చెప్పకండి.