ఒక పెట్టె – రెండు కూర్పులు

సాఫ్టువేరు వృత్తియందున్న కుమారుడో కుమార్తెయో గల గృహములు నేడు తెలుగునాట అనేకములు. వారు అర్ధరాత్రివేళ కంప్యూటరు ముందు కూర్చుండి, “నిన్నటివరకు బాగుగనే నడచినది, నేడేమైనదో” అని తల పట్టుకొనుట తలిదండ్రులు చూచియే యుందురు. ఆ బాధకు గల కారణములలో నొకదానిని నేడు మీకు విన్నవింతును.

నేటి ప్రోగ్రామును ఎవరును మొదటినుండి తుదివరకు స్వయముగా వ్రాయరు. ఇతరులు వ్రాసియుంచిన లైబ్రరీలను తెచ్చుకొందురు. ఆ లైబ్రరీలు మరికొన్నింటిపై ఆధారపడును. ఈ పరివారమునంతను ప్రోగ్రాముతో గూడ ఒక పెట్టెలో నమర్చి, ఎచ్చటనైనను ఒకే రీతిగ నడుపుటకు ఏర్పడినదే కంటైనరు పద్ధతి. 2013లో డాకరు అను సాధనము వెలువడిన పిమ్మట ఇది విశేషవ్యాప్తి నొందినది.

కట్టిన పెట్టె మారదు. కాని కట్టునపుడు లోపల వేయు సరుకు బయటి బజారునుండి రావలెను. ఆవకాయ జాబితాలో “మామిడికాయలు నూరు” అని మాత్రమే వ్రాసి రకము వ్రాయకున్నచో, ఏటికొక రుచి వచ్చుటలో వింత యేమి?

పైథాను భాషలో గణితమునకు నమ్‌పై అను లైబ్రరీ ప్రసిద్ధము. దాని 1.0 కూర్పు 2006లోను, 2.0 కూర్పు 2024 జూనులోను వెలువడినవి. యంత్రభాషలోనికి మార్చిన ఇతర లైబ్రరీలు నమ్‌పైతో సంభాషించు ఏర్పాటు ఈ క్రొత్తకూర్పులో మారినది. పాతదానితో కంపైలు చేసినవి దీనితో పొసగవు. ఐనను వానిలో పెక్కు “నమ్‌పై ఫలాని కూర్పు గాని, అంతకు పైది గాని” అని కోరినవే తప్ప, పైహద్దు చెప్పలేదు. కావున సరుకు సమకూర్చు పిప్ అను సాధనము నిస్సంకోచముగా 2.0ను తెచ్చెను. పెట్టె చక్కగా తయారయ్యెను, నడుపగనే కూలెను. డాకరు ఫైలులో ఒక్క అక్షరమైనను మారలేదు!

పక్కవాని యంత్రమున మాత్రము అంతయు కుశలము. ఏలయన డాకరు పెట్టెను పొరలుపొరలుగా కట్టును. సూచన మారని పొరను పాతదే తిరిగి వాడుకొనును. ఇట్టిచోట “నాకు బాగుగనే యున్నదే” అను సహోద్యోగి మాట నమ్మదగినది కాదు.

అప్పటికి “నమ్‌పై 2 కంటె తక్కువది” అను ఒక్క పంక్తి చేర్చిన చాలును. శాశ్వతోపాయము వేరు. నేరుగ కోరినవానికే గాక, వానివెంట వచ్చు ప్రతి లైబ్రరీకిని కచ్చితమైన కూర్పుసంఖ్యను, ముద్రవంటి హాష్‌ను లాక్ ఫైలులో వ్రాసియుంచవలెను. పునాదిపెట్టెను సైతము “లేటెస్టు” అను పేరుతో గాక, దాని షా 256 ముద్రతో పిలువవలెను.

బాహాటమైన తగవు మరియొకటి కలదు. ఒక లైబ్రరీ మూడవదాని 2 కంటె తక్కువ కూర్పును, వేరొకటి 2 గాని పైది గాని కోరును. పైథాను పరిసరమున ఒక లైబ్రరీకి ఒక్క కూర్పే చెల్లును; ఒక ఒరలో రెండు కత్తు లిముడవు. 2020 నవంబరునాటి 20.3 కూర్పు మొదలు పిప్ ఇట్టి తగవును కనిపెట్టి పని నాపివేయును. నా మతమున ఇది ఉపకారమే. ఆ సందేశమును చదువక, పరీక్షను మానిపించు మీటలకై వెదకువారు నిప్పును గడ్డితో కప్పువారు. ఎవరు ఏ హద్దు కోరిరో అందే యుండును. పాతదానిని కోరిన లైబ్రరీకి క్రొత్తకూర్పు వచ్చినదేమో మొదట చూడవలెను. లేనిచో రెండవదానిని వెనుకకు దింపవలెను. అదియు కుదరనిచో ఆ రెంటిని వేర్వేరు పెట్టెలలో నుంచి నెట్‌వర్కుద్వారా మాటలాడింపవచ్చును.

లాక్ చేసిన పెట్టెకు భద్రతాసవరణలు తమంత తాము రావు. లోపము బయల్పడిన రాత్రి ఆ ఒక్క లైబ్రరీని మార్చి, తక్కినవానిని కదల్పక పెట్టెను తిరిగి కట్టవలసియుండును. లాక్ ఫైలు లేనివారికి ఆ రాత్రియే ఇరువది క్రొత్తకూర్పులు మీదబడవచ్చును. అందుచే నెలకొక పగటిపూట లాక్ ఫైలును నవీకరించి, పాతపొరలు వాడవలదని డాకరుకు చెప్పి, మొదటినుండి ఒకమారు కట్టించి పరీక్షించుట మేలు.