‘కేసు వెనక్కి తీసుకుంటాను’ అంటే అమెరికాలో ఎందుకు కుదరదు?

చాలామంది కామెంట్లలో, మెయిల్స్‌లో అడుగుతున్న విషయం ఇది. “అన్నా, మా అక్కవాళ్ల ఆయన్ని అమెరికాలో అరెస్టు చేశారు. అక్క హెచ్4 మీద ఉంది. ఇప్పుడు వీసా ఏమవుతుంది?” మాటలు వేరైనా ప్రశ్న అదే. అందుకే ఇవాళ నాకు బాగా దగ్గరగా తెలిసిన ఒక కుటుంబం గురించి చెప్తాను. నాతో బీటెక్ చదివిన అమ్మాయి. పేరు, సొంతూరు, కంపెనీ ఏవీ చెప్పను. ఆమెకి చెప్పి, ఆమె సరే అన్నాకే మాట్లాడుతున్నాను. నేను లాయర్ని కాదు. ఐదేళ్లు కోడ్ రాసి ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్న మనిషిని. కాబట్టి ఇది విని మీ కేసు మీరే నడిపేసుకోవద్దు.

డాలస్ పక్కన అపార్ట్‌మెంట్. భర్త హెచ్1బి, ఆమె హెచ్4, రెండేళ్ల పాప. ఒక శనివారం రాత్రి గొడవైంది. ఫోన్ లాక్కున్నాడు, చెయ్యి మెలిపెట్టాడు, గోడకేసి నెట్టాడు. పక్క ఫ్లాట్ వాళ్లు 911కి ఫోన్ చేశారు. పది నిమిషాల్లో పోలీసులొచ్చారు. ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు, ఆమె మణికట్టు ఫోటో తీసుకున్నారు, అతన్ని తీసుకెళ్లిపోయారు. ఇక్కడొక మాట చెప్పాలి. తర్వాత రెండు రోజులు మా క్లాస్ వాట్సాప్ గ్రూపులో చర్చంతా “911 ఎవడు చేశాడు” అనే. కొట్టాడు కదా అని ఒక్కరు అనలేదు.

ఇండియా నుంచి అత్తగారి ఫోన్. “నీ మొగుణ్ణి నువ్వే జైల్లో పెట్టించావంటే ఊళ్లో మేం మొహం ఎక్కడ పెట్టుకోవాలమ్మా? రేప్పొద్దునే వెళ్లి కేసు వెనక్కి తీసుకో.” ఆమె కన్నతండ్రి కూడా ఇంచుమించు అదే మాట, కాస్త మెత్తగా.

వాళ్లని పూర్తిగా తప్పుపట్టలేం. మన దగ్గర అలవాటు అది. 498ఏ కేసులో భార్యాభర్తలు రాజీపడితే హైకోర్టు కేసు కొట్టేయొచ్చని సుప్రీంకోర్టు 2003లో బి.ఎస్. జోషి కేసులో చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అయితే చట్టాన్నే సవరించి, కోర్టు అనుమతితో ఆ సెక్షన్‌లో రాజీకి వీలు కల్పించింది. ఆ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85కి మారింది కానీ, పెద్దమనుషులు కూర్చోవడం, కాగితం రాసుకోవడం, కేసు ‘ఎత్తేయడం’ మాత్రం మన బుర్రల్లో అలాగే ఉన్నాయి.

టెక్సాస్‌లో కేసు ఆమెది కాదు. అది రాష్ట్రం వర్సెస్ అతను. ఆమె సాక్షి మాత్రమే. నాకు ప్రాసిక్యూషన్ వద్దు అని అఫిడవిట్ ఇవ్వొచ్చు, వాళ్లు తీసుకుంటారు, ఫైల్లో పెడతారు. కేసు నడపాలా వద్దా అన్నది డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు ఇష్టం. మా భాషలో చెప్పాలంటే, ఆమెకి ఉన్నది కామెంట్ పెట్టే యాక్సెస్, డిలీట్ చేసే యాక్సెస్ కాదు.

అతని మీద పెట్టింది కుటుంబ సభ్యుల మీద దాడి, క్లాస్ ఏ మిస్‌డిమీనర్. గరిష్ఠంగా ఏడాది జైలు, 4000 డాలర్ల జరిమానా. జైల్లో వేలిముద్రలు తీసుకుంటే అవి ఎఫ్‌బీఐకి, అక్కణ్ణుంచి ఇమిగ్రేషన్ వాళ్లకి కూడా వెళ్తాయి. వాళ్లు డిటెయినర్ పెడితే, బెయిల్ వచ్చినా ఇంకో 48 గంటలు ఆపమని జైలుని అడుగుతారు. ఇతనికి అది పెట్టలేదు. బెయిల్ బాండ్ ఏజెంటుకి కట్టాల్సిన డబ్బు ఆమే కట్టింది, జాయింట్ అకౌంట్లోంచి. అంటే తనని కొట్టిన మనిషిని విడిపించడానికి తనే క్యూలో నిలబడింది. ఎందుకో చెప్తాను.

హెచ్4 అంటే సొంత కాళ్ల మీద నిలబడే స్టేటస్ కాదు. అతని హెచ్1బి ఉన్నంతవరకే ఆమె హెచ్4. కంపెనీ అతన్ని తీసేస్తే గరిష్ఠంగా 60 రోజుల గడువు, అది ఇద్దరికీ కలిపే. అతన్ని దేశం నుంచి పంపేస్తే ఆమె కూడా సర్దుకోవాల్సిందే. ఉద్యోగం చేసుకుందామా అంటే, 2015 నుంచి హెచ్4 వాళ్లకి వర్క్ పర్మిట్ ఇస్తున్నారు కానీ, మామూలుగా భర్త ఐ-140 ఆమోదం పొందాకే. వీళ్లకి ఆ స్టేజీ ఇంకా రాలేదు. పాపేమో పుట్టుకతో అమెరికన్ సిటిజన్. ఇంట్లో ముగ్గురికీ మూడు రకాల హక్కులు. అందరికంటే గట్టి హక్కు ఉన్నది ఇంకా సరిగ్గా మాటలు రాని పిల్లకి.

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. భర్త చేతిలో హింసకి గురైన హెచ్4 భార్యలకి ప్రత్యేకంగా వర్క్ పర్మిట్ ఉంది, ఐ-765వి అనే ఫారం. యూ వీసా కూడా ఉంది, కానీ బాధితులకి ఇచ్చేవి ఏడాదికి 10,000 మాత్రమే, లైన్ ఏళ్ల తరబడి. చిక్కేంటంటే, ఇవి కావాలంటే “నన్ను కొట్టాడు” అని ఆధారాలతో రాసివ్వాలి. ఇంట్లోవాళ్లు అడుగుతున్నది “కొట్టలేదు” అని రాయమని. ఒకే మనిషి, ఒకే వారంలో, రెండు కాగితాలు. నిజం ఒకటే కాబట్టి ఆమె రెండోది రాయలేదు. వాళ్ల లాయర్ కూడా రాయొద్దనే చెప్పాడు. ముందు పోలీసులకి ఒకటి చెప్పి, తర్వాత ప్రమాణం చేసి ఇంకోటి చెప్తే ఆమె మీదే కేసు పడొచ్చు.

బెయిల్ మీద వచ్చాడు కదా, ఇంటికొచ్చాడా? రాలేదు. మేజిస్ట్రేట్ ఎమర్జెన్సీ ప్రొటెక్టివ్ ఆర్డర్ ఇచ్చాడు. ఇలాంటి కేసుల్లో మామూలుగా 31 నుంచి 61 రోజుల దాకా ఉంటుంది. ఇంటి దరిదాపులకి రాకూడదు, లాయర్ ద్వారా తప్ప మాట్లాడకూడదు. ఇక్కడే మనవాళ్లు దెబ్బ తింటారు. “మా ఆవిడే రమ్మంది సార్” అంటారు. ఎవరూ, ఆర్డర్ ఎవరి రక్షణ కోసమో ఆ మనిషి కూడా, దాన్ని మీరడానికి అనుమతి ఇవ్వలేరని ఆ కాగితం మీదే పెద్దక్షరాల్లో ఉంటుంది. ఇంకా పెద్ద సంగతి: 1996 ఇమిగ్రేషన్ చట్టం గృహహింస శిక్షతో పాటు, ప్రొటెక్టివ్ ఆర్డర్ ఉల్లంఘనని కూడా డిపోర్టేషన్‌కి కారణంగా పెట్టింది. అసలు కేసులో శిక్ష పడకపోయినా ఇది విడిగా మెడకి చుట్టుకోవచ్చు. పాపని చూడాలనిపించి పార్కింగ్ లాట్ దాకా వచ్చినా సరే.

ఆమె ఒక దశలో విసిగిపోయి, పాపని తీసుకుని ఇండియా వెళ్లిపోతానంది. పాపకి అమెరికన్ పాస్‌పోర్ట్ ఇంకా తీయలేదు. పదహారేళ్ల లోపు పిల్లలకి పాస్‌పోర్ట్ కావాలంటే తల్లిదండ్రులిద్దరూ రావాలి, లేదా రాని వాళ్లు నోటరీ చేసిన డీఎస్-3053 ఇవ్వాలి. అతనితో మాట్లాడకూడదు, అతని సంతకం మాత్రం కావాలి! చివరికి లాయర్ల ద్వారా సంతకం వచ్చింది. పాపకి ఇండియా వీసా మళ్లీ వేరే పని. అప్పటికి ఆమె కోపం కూడా చల్లారింది. వెళ్లలేదు.

ఇక అసలు గండం. రెండో హియరింగ్‌కి క్రిమినల్ లాయర్ సంతోషంగా ఫోన్ చేశాడు. “మంచి ఆఫర్ వచ్చింది, డిఫర్డ్ అడ్జుడికేషన్. గిల్టీ అని ఒప్పుకోవాలి, కానీ జడ్జి శిక్ష ఖరారు చెయ్యడు. ఏడాది బుద్ధిగా ఉంటే కేసు డిస్మిస్, రికార్డులో కన్విక్షన్ ఉండదు.” టెక్సాస్ చట్టం ప్రకారం ఆయన చెప్పింది కరెక్టే. ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం కాదు. 1996లో కాంగ్రెస్ ‘కన్విక్షన్’కి సొంత నిర్వచనం రాసుకుంది. నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక రకమైన ఆంక్ష పెడితే చాలు, తర్వాత రాష్ట్రం డిస్మిస్ చేసినా ఫెడరల్ లెక్కలో అది కన్విక్షనే. రెండు సిస్టమ్స్, ఒకే వేరియబుల్ పేరు, రెండు వేర్వేరు విలువలు. నేను చూసిన బగ్స్‌లో ఇంత ఖరీదైనది లేదు.

ఈ కన్విక్షన్ ఖచ్చితంగా డిపోర్ట్ చేసే రకమా అంటే, అది టెక్సాస్ సెక్షన్‌లోని మాటల మీద ఆధారపడి ఉంటుంది, దాని మీద కోర్టుల తీర్పులు కూడా మారుతూ వచ్చాయి. అలాంటి చోట జూదం ఆడతారా?

లాయర్ ఇది చెప్పాలా వద్దా అనే ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హోసే పడియా అనే హోండురస్ మనిషి, నలభై ఏళ్లకి పైగా గ్రీన్‌కార్డ్ మీద ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పనిచేశాడు. కెంటకీలో ట్రక్కులో గంజాయి దొరికి కేసైంది. “ఇన్నేళ్లుగా ఉన్నావు, ఇమిగ్రేషన్ గురించి భయం లేదు” అన్నాడు లాయర్. అది నమ్మి గిల్టీ అన్నాడు. దాంతో డిపోర్టేషన్ తప్పనిసరైంది. 2010లో సుప్రీంకోర్టు, క్లయింటుకి డిపోర్టేషన్ ప్రమాదం ఉందా లేదా చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని తేల్చింది. తర్వాత 2017లో జే లీ కేసు. పదమూడేళ్లప్పుడు దక్షిణ కొరియా నుంచి వచ్చి మెంఫిస్‌లో రెస్టారెంట్లు పెట్టుకున్న మనిషి. అతనికీ లాయర్ ఇలాంటి హామీయే ఇచ్చాడు. ఆ ప్లీని ఒప్పుకుని ఉండేవాణ్ణి కాదని అతను వాదిస్తే, గెలిచే అవకాశం తక్కువైనా డిపోర్టేషన్ తప్పించుకోవడానికి ట్రయల్‌కి వెళ్లాలనుకోవడం అర్థంలేని పనేమీ కాదని కోర్టు అతని పక్షాన నిలిచింది. ఈ రెండు తీర్పులు ఉన్నాయి కదా అని ధీమాగా ఉండొద్దు. గిల్టీ అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏళ్లు పట్టింది వాళ్లిద్దరికీ.

నా ఫ్రెండ్ చేసిన తెలివైన పని, ఆ ఆఫర్ కాగితం తీసుకెళ్లి ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించడం. ఇద్దరు లాయర్లంటే రెండు ఫీజులు, నిజమే. కానీ ఇమిగ్రేషన్ కోర్టులో లాయర్ లేకపోతే ప్రభుత్వం తన ఖర్చుతో పెట్టదు. అక్కడిదాకా వెళ్లకుండా ఉండటానికి పెట్టిన ఖర్చు అనుకోవాలి. ఆ ఇద్దరు లాయర్లూ కూర్చుని, కోర్టులో గిల్టీ చెప్పకుండా ప్రీట్రయల్ డైవర్షన్ అడిగారు. అందులోనూ ఒక మెలిక: నేరం ఒప్పుకుంటూ రాసివ్వమని మొదటి డ్రాఫ్టులో ఉంది. ఆ పేరా తీయించారు. అతను నెలల తరబడి క్లాసులకి వెళ్లాడు. కొట్టే మగవాళ్ల కోసం పెట్టే క్లాసులు, గంటల లెక్క, హాజరు, అన్నీ. కేసు డిస్మిస్ అయింది.

అయిపోయిందా? ఈలోగా హైదరాబాద్ కాన్సులేట్ నుంచి మెయిల్, నీ వీసా రద్దు చేశాం అని. అరెస్టు సమాచారం చాలు, శిక్ష పడక్కర్లేదు. దీనికి మనవాళ్లు హడలిపోతారు. వీసా అంటే గేటు దగ్గర చూపించే కాగితం. లోపల ఉండటానికి అనుమతి ఐ-94, అది వేరే. గేటు పాస్ పోయినంత మాత్రాన లోపలున్న మనిషిని మామూలుగా వెంటనే గెంటేయరు. కానీ బయటికి వెళ్తే కొత్త వీసా కావాలి. డీఎస్-160లో “ఎప్పుడైనా అరెస్టయ్యారా?” అనే ప్రశ్నకి అవును అనే రాయాలి. కేసు కొట్టేశారు కదా, రికార్డు చెరిపేశారు కదా అని కాదు అని రాస్తే, అబద్ధం చెప్పినందుకు జీవితాంతం రానివ్వకుండా చేయొచ్చు. కోర్టు సర్టిఫైడ్ కాపీలు దాచుకోవాలి, కనీసం మూడు సెట్లు.

ఆమె అతనితో కలిసి ఉంటుందా అని చాలామంది అడుగుతారని తెలుసు. నేను అడగలేదు. ఒకటి మాత్రం ఆమె చెప్పమంది. ఈ మధ్యే ఒక యూనివర్సిటీలో మాస్టర్స్‌కి సీటు తెచ్చుకుంది. హెచ్4 నుంచి ఎఫ్1కి మార్చమని ఐ-539 వేసింది. ఫీజు తన పుట్టింటి వాళ్లు పంపిన డబ్బుతో కట్టింది, జాయింట్ అకౌంట్ ముట్టుకోలేదు. అప్లికేషన్ స్టేటస్ రోజూ పొద్దున్నే చూస్తుందట. నిన్నటికి ఇంకా ‘రిసీవ్డ్’ అనే ఉంది.