జూరీ పిలుపు ఎన్నిమార్లు?

(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన బిడ్డలు పలువురు అమెరికాలో పౌరసత్వము పొందియున్నారు. వారికి జూరీ సమను వచ్చినదని తెలియగనే ఇక్కడ తలిదండ్రులు దిగులుపడుచున్నారు. కోర్టు కాగితమనిన మనకు వ్యాజ్యమే తోచును. ఇది నేరారోపణ కాదు. తీర్పు చెప్పుటకు రమ్మను పిలుపు. అయితే అది ఎన్నిమార్లు రావచ్చును? వర్తకునకు ఇది చిన్న ప్రశ్న కాదు. పది దినములు అంగడి మూసినచో ఖాతాదారు ప్రక్క అంగడికి పోవును; పోయినవాడు తిరిగి వచ్చుట అరుదు.

ఈ భారము మన దేశమును ఎరుగనిది కాదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు క్రింద, ప్రభుత్వము ఉత్తరువు చేసిన జిల్లాలలో సెషన్సు విచారణలు జూరీతో జరుగుచుండెను. 326వ సెక్షను ప్రకారము బహిరంగ న్యాయస్థానమున చీట్లు తీసి పేర్లు ఎన్నవలెను. ఆరు మాసములలోపల పనిచేసినవారిని విడువవలెను. న్యాయముగనే యున్నది. కాని వెంటనే ఒక మెలిక కలదు: వారు లేనిదే సంఖ్య పూర్తికానిచో వారినే మరల పిలువవచ్చును. వైద్యులకు, వకీళ్లకు, పోలీసువారికి మినహాయింపు. ఇక చిన్న పట్టణమున జాబితాలో మిగులువారెవరు? త్రాసు పట్టుకొని కూర్చున్న మనవారే. రానివారికి 100 రూపాయల వరకు జరిమానా. ఆనాటి 100 రూపాయలు! 1958లో లా కమిషను తన 14వ నివేదికలో జూరీని తొలగింపుమనెను. 1974 ఏప్రిలు 1న అమలునకు వచ్చిన క్రొత్త కోడులో దానికి చోటు లేకపోయెను.

అమెరికాలో హద్దు మరింత స్పష్టము. 1968 నాటి చట్టము ననుసరించి ఫెడరల్ న్యాయస్థానములలో ఏ రెండేండ్లలోనైనను ఒకనిని మొత్తము 30 దినములకు మించి జూరీలో కూర్చుండబెట్టరాదు. చేతనున్న కేసు ముగించుటకైనచో మాత్రము మినహాయింపు. రాష్ట్రముల పద్ధతి వేరు. మాసచూసెట్సులో ఒక దినము, లేదా ఒక విచారణ. పిదప మూడేండ్ల విరామము. కాలిఫోర్నియాలో విరామము 12 మాసములు. రాష్ట్రమువారి పిలుపు వేరు, ఫెడరల్ పిలుపు వేరు. ఒకటి ముగియగనే రెండవది వచ్చినచో ఆశ్చర్యపడవలదు. ఉద్యోగిని జూరీకి పోయినందుకు ఫెడరల్ చట్టము క్రింద యజమాని తొలగింపరాదు. సొంత అంగడివానికి ఆ రక్షణ ఏమి పనికివచ్చును? తనను తాను తొలగించుకొనువాడెవడు!

భాషా అల్పసంఖ్యాకులమైన మనము మరియొక సంగతి తలపోయవలెను. మన పాత కోడులో సాక్ష్యపు భాష తెలియనివానిపై ఆక్షేపణ చెప్పవచ్చును. అమెరికా ఫెడరల్ జూరీకి ఇంగ్లీషు చదువ, వ్రాయ, మాటలాడ వచ్చియుండవలెను. అచ్చట 15 ఏండ్లు స్థిరనివాసియై 55 దాటిన వృద్ధుడు స్వభాషలో పరీక్ష నిచ్చి పౌరుడు కావచ్చును గాని, ఆ జూరీలో కూర్చుండలేడు. భాష తెలియుటయు ఒక్కొక్కప్పుడు అడ్డగును. 1991లో హెర్నాండెజ్ కేసున స్పానిషు తెలిసిన ఇరువురిని, వారు దుబాసీ చెప్పినదానినే ప్రమాణముగ గైకొందురో లేదో యను సంశయముతో, ప్రాసిక్యూటరు తొలగించెను. సుప్రీముకోర్టు దానిని సమ్మతించెను. సాక్షి తెలుగున చెప్పినను జూరీకి దుబాసీ ఇంగ్లీషే సాక్ష్యము. రెండు భాషలు తెలిసినవానికే చెవి మూసుకొమ్మనుట నాకు రుచింపదు. దుబాసీ తప్పినచో న్యాయాధిపతికి విన్నవించు దారి కలిగియుండుట మేలు గదా!

పిలుపు వచ్చిన మీ బిడ్డలకు ఇది వ్రాయుడు: కాగితమును మూలకు వేయరాదు. ఫెడరల్ సమనును ఉపేక్షించినచో 1,000 డాలర్ల వరకు జరిమానా, మూడు దినముల వరకు ఖైదు కలవు. పౌరసత్వము లేనివారికి, గ్రీన్ కార్డువారికి సయితము, అర్హత లేదు. ఆ మాట ప్రశ్నపత్రములోనే వ్రాసి పంపవలెను. మునుపు పనిచేసినచో తేదీ చూపి విరామము కోరవచ్చును. సంక్రాంతి బేరమో, కుమార్తె వివాహమో అడ్డమైనచో వాయిదా వేయుమని గడువులోపల అడుగవలెను.

ఆదివారము కార్యాలయమునకు అట్టి సమను ప్రతిని తెచ్చినచో చదివి అర్థము చెప్పుటకు నేనుందును.