నడక తూలితే నెపం వయసుదేనా?
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగమంతా ఫైళ్లతోనే గడిపిన గుమాస్తాను. నా నడక విషయంలో మాత్రం విచారణ లేకుండానే "వయసు" అని రాసి ఫైలు మూసేశాను. కాళ్లు ఎడంగా పెడితేగాని నిలవలేకపోయేవాణ్ణి. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాలి. మలుపు తిరిగితే తూలు. ఒకనాడు వీధిలో ఎవరో "పెద్దాయన తాగాడు" అన్నారు. కాఫీ తప్ప ఎరగనివాణ్ణి! ఆనాటి నుంచి గడప దాటడం మానేశాను.

చివరకు మా కోడలు పట్టుబట్టి డాక్టరుగారికి చూపించింది. ఆయన చీలమండ వెనుక చిన్న సుత్తితో తట్టారు. పాదం కదిలింది గాని, వెనక్కి రావడం మహా నెమ్మది. చలి, మలబద్ధకం, గొంతు బొంగురు ఉన్నాయా అని అడిగి, టి.ఎస్.హెచ్. రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదని తేలింది. ఆ హార్మోను తగ్గితే తొడ కండరాల బలం తగ్గుతుందట. కొందరిలో తూకం నిలిపే చిన్నమెదడు పనీ దెబ్బతింటుందట.

థైరాక్సిన్ మాత్ర తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీ అరగంట, గంట ఆగాకే. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల వ్యవధి ఉండాలి. 6 వారాలకు మళ్లీ పరీక్ష. నెలలు పట్టింది గాని, ఈ వేదిక మెట్లు ఇవాళ నేనే ఎక్కాను.

తూలుకు షుగరు, బి12 లోపం, చెవి జబ్బు, కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. హఠాత్తుగా తూలితే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. విచారణ జరగకుండా మాత్రం ఫైలు మూయకండి.

సెలవు.