పాత్ర అడుగున లేని పేరు



చీనా దేశపు పనితనము తెలుగువారికి క్రొత్త కాదు. కాళిదాసు శాకుంతలమున చీనాంశుకము, అనగా చీనా పట్టు, కనబడును. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనపు సుంకముల పట్టికలో చీని కర్పూరమున్నది. చీనా, జపాను దేశముల కళావస్తువులను చూడగోరువారు నేడు సముద్రము దాటనక్కరలేదు; హైదరాబాదునకు పోయిన చాలును. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) తన తాతతండ్రులు కూర్చినదానికి ఎన్నియో చేర్చి పెంచిన నిధి, 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడిలో ప్రదర్శనశాలయై ప్రజలకు తెఱువబడి, 1968లో మూసీ యొడ్డునగల నేటి భవనమునకు చేరినది.

అచట ఆకుపచ్చ మెఱుగుగల సెలడాన్ పాత్రలు గలవు. విషాన్నము వడ్డించినచో అవి రంగు మాఱునని పూర్వపు ప్రభువులు నమ్మిరి. ఆ నమ్మకము నిజము కాదు. అసలు వింత ఆ రంగులోనే యున్నది: మెఱుగు పూతలో కొలదిగా ఇనుమున్నప్పుడు, ఆవములో గాలి తగ్గించి కాల్చినచో ఆ పచ్చదనము వచ్చును. తెల్ల పింగాణికి కయోలిన్ అను తెల్లమట్టిని, ఒక విధమైన ఱాతిపొడిని కలిపి, సుమారు 1300 డిగ్రీల వేడిమిలో కాల్తురు. ఒక చిన్న గిన్నె సిద్ధమగుటకు 72 చేతులు దాటవలెనని 1637 నాటి చీనా గ్రంథమొకటి లెక్క చెప్పినది. జపాను పెట్టెలపై చెట్టుపాలను పలుచగా పూసి, చెమ్మగాలిలో ఆఱనిచ్చి, నునుపు చేసి, మరల మరల పూయుదురు.

అయినను చీనా రాజాస్థానపు పాత్రను తిరుగవేసి చూచినచో, అడుగున తఱచుగా కానవచ్చునది చక్రవర్తి పాలనాకాలపు ముద్రయే. ఆ 72 చేతులలో ఒక్కదాని పేరును లేదు. పాత పహాణీలో పట్టాదారు పేరుతోపాటు కాస్తుదారునికిని ఒక గడి యుండెడిది. ఈ పాత్రకు ఆ గడియైనను లేదు.

ఈ లోపము చీనాకే పరిమితము కాదు. గోదావరి కావలనున్న నిర్మలలో పొనికి కఱ్ఱను చెక్కి, చింతగింజల జిగురుతో అతికి బొమ్మలు చేయువారి పేర్లు ఎందఱికి తెలియును? పిట్లమున కుండలు చేసినవారు, నాగళ్లు చెక్కినవారు ఏ పుస్తకమున కెక్కిరి? ప్రదర్శనశాల వస్తువును కాపాడగలదు. పేరును కాపాడుట గ్రంథాలయము పని. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము ఒక చిట్టా తెఱచి, గ్రామపు పనివారి పేర్లను, వారి పనిముట్లను, పనితీరును వ్రాసియుంచవలెను. ఈ పని వాయిదా వేయదగినది కాదు. అడిగి తెలిసికొనవలసిన పెద్దలు ఈ సభలోనే కూర్చుండియున్నారు.